ఒకే ప్రోగ్రామ్, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: వేగాన్ని న్యాయంగా పోల్చడం ఎలా?

క్లుప్తంగా: ఒకే ప్రోగ్రామ్‌ను విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్‌లలో నడిపితే సమయాలు వేరువేరుగా వస్తాయి. ఆ తేడా అంతా ఆపరేటింగ్ సిస్టమ్‌దే కాదు. కంపైలర్ (రాసిన కోడ్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే టూల్), గడియారం, మెమరీ అలొకేటర్ (అడిగినప్పుడు మెమరీ కేటాయించే భాగం), ఫైల్ సిస్టమ్, యాంటీవైరస్, పవర్ సెట్టింగులు, రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ను నడిపించే వ్యవస్థ) తనంతట తాను ఎంచుకునే డిఫాల్టులు కూడా అందులో కలిసి ఉంటాయి. వాడేవారికి చివరికి అందే వేగం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఫలానా భాగం వల్ల వచ్చే తేడా ఎంత అన్నది వేరే ప్రశ్న. ఒకదానికి వచ్చిన జవాబును రెండోదానికి వాడినప్పుడే పోలిక అన్యాయమవుతుంది.

"పైథాన్ లినక్స్‌లో వేగం, విండోస్‌లో నెమ్మది." ప్రోగ్రామర్ల మధ్య తరచూ వినిపించే మాట ఇది. జావా, గో, నోడ్ గురించి కూడా ఇలాంటి మాటలే ఉన్నాయి. రుజువుగా రెండు అంకెలు చూపిస్తారు: ఇక్కడ ఇన్ని సెకన్లు, అక్కడ ఇన్ని సెకన్లు. ఆ అంకెలు సాధారణంగా నిజమైనవే. వాటి నుంచి తీసే ముగింపు మాత్రం చాలాసార్లు నిలబడదు. ఎందుకు నిలబడదో తెలియాలంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎవరు ఏ పని చేస్తారో విడదీసి చూడాలి.

## లెక్కల పనిలో తేడా ఎందుకు రాకూడదు

ఒక లూపులో కోటిసార్లు కూడికలు, గుణకారాలు చేసే ప్రోగ్రామ్‌ను తీసుకుందాం. ఆ పని చేసేది ప్రాసెసర్. మెషిన్ కోడ్ ఒకటే అయితే, అది నడుస్తున్నంతసేపు ఆపరేటింగ్ సిస్టమ్ దాదాపు పక్కనే ఉంటుంది. మధ్యమధ్యలో టైమర్ ఇంటరప్ట్ వస్తుంది, వేరే ప్రాసెస్‌కు వంతు ఇవ్వాల్సి వస్తుంది, అంతే. కాబట్టి ఒకే కంప్యూటర్ మీద, కేవలం లెక్కలు చేసే ప్రోగ్రామ్‌లో రెండు సిస్టమ్‌ల మధ్య భారీ తేడా కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది కొలిచిన తీరునే.

దీనికి ఒక మినహాయింపు మెమరీ. ప్రోగ్రామ్ చాలా పెద్ద మెమరీని అటూ ఇటూ తిరగేస్తుంటే పేజీల సైజు, అంటే సిస్టమ్ మెమరీని పంచే ముక్కల సైజు, ముఖ్యమవుతుంది. ఎక్స్86 ప్రాసెసర్ల మీద మామూలు పేజీ 4 కేబీ. లినక్స్‌లో సెట్టింగును బట్టి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) తనంతట తానే 2 ఎంబీ పెద్ద పేజీలు ఇవ్వగలదు. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే వేగం పెరగవచ్చు.

ఇంకో చిక్కు సోర్స్ కోడ్ లోపలే దాగి ఉంటుంది. సీ భాషలో పూర్ణాంకాలకు వాడే 'లాంగ్' అనే రకం 64 బిట్ లినక్స్‌లో, మ్యాక్‌లో 64 బిట్లు. 64 బిట్ విండోస్‌లో మాత్రం 32 బిట్లే. ఇది సీ దగ్గర ఆగలేదు. పైథాన్‌లో లెక్కలకు వాడే నంపై లైబ్రరీ డిఫాల్ట్ పూర్ణాంకాన్ని ఈ 'లాంగ్' మీదే ఆధారపడి నిర్ణయించేది. 2024లో నంపై 2.0 వచ్చాకే విండోస్‌లో కూడా అది 64 బిట్లు అయింది. అంతకుముందు, రకం పేరు ప్రత్యేకంగా రాయకుండా పూర్ణాంకాల అర్రే మీద చేసిన బెంచ్‌మార్కుల్లో (వేగ పరీక్షల్లో) విండోస్ సగం మెమరీనే కదిలించింది. ఆ పోలికలో రెండు వైపులా జరిగిన పని ఒకటి కాదు.

## పేరు ఒకటే, బిల్డ్ వేరు

రెండు కంప్యూటర్లలోనూ "పైథాన్ 3.12" అని కనిపించినంత మాత్రాన రెండూ ఒకే ప్రోగ్రామ్ అనుకోకూడదు. విండోస్‌కు అధికారికంగా దొరికే పైథాన్‌ను మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో తయారుచేస్తారు. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో ఎక్కువగా జీసీసీ అనే కంపైలర్ వాడతారు. మ్యాక్‌లో క్లాంగ్.

ఇది ఎంత ముఖ్యమో, పైథాన్ కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ లోపలికి వెళితే తెలుస్తుంది. పైథాన్ కోడ్ బైట్‌కోడ్ అనే చిన్నచిన్న ఆదేశాలుగా మారుతుంది. ఒక్కో బైట్‌కోడ్‌ను చదివి, దానికి తగిన చోటుకు దూకి, పని చేసి, తర్వాతి దానికి వెళ్లే లూపు ఒకటి ఇంటర్‌ప్రెటర్ గుండెలో ఉంటుంది. జీసీసీ, క్లాంగ్‌లలో 'కంప్యూటెడ్ గోటూ' అనే సౌకర్యం ఉంది. దాంతో ప్రతి బైట్‌కోడ్ చివరి నుంచి తర్వాతి దాని దగ్గరికి నేరుగా దూకవచ్చు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి మామూలు 'స్విచ్' పద్ధతి మీద ఆధారపడుతూ వచ్చారు. ఈ తేడా కొలతలో "విండోస్ నెమ్మది" అని కనిపిస్తుంది. నిజానికి అది కంపైలర్ల మధ్య తేడా. విండోస్ కెర్నల్‌కు దానితో సంబంధమే లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చకపోయినా కంపైలర్ ఎంత తప్పుదారి పట్టించగలదో 2025లో పైథాన్ బృందమే చూసింది. పైథాన్ 3.14 కోసం టెయిల్ కాల్స్ (ఒక ఫంక్షన్ చివర నేరుగా ఇంకో ఫంక్షన్‌కు వెళ్లే పద్ధతి) మీద నడిచే కొత్త తరహా ఇంటర్‌ప్రెటర్ తయారైంది. మొదటి కొలతల్లో సగటు వేగం 10 శాతానికి పైగా పెరిగినట్టు వచ్చింది. కొన్ని వారాల్లోనే అసలు సంగతి బయటపడింది. క్లాంగ్ 19లో చేసిన ఒక మార్పు పాత ఇంటర్‌ప్రెటర్‌ను నెమ్మదింపజేసింది. అంటే పోల్చడానికి పెట్టుకున్న తూకంరాయే తప్పు. జీసీసీతోనో, క్లాంగ్ 18తోనో కట్టిన పాత ఇంటర్‌ప్రెటర్‌తో పోలిస్తే లాభం సుమారు 1 నుంచి 5 శాతానికి తగ్గింది. బృందం ఆ విషయాన్ని బహిరంగంగా చెప్పి సవరించుకుంది. భాషను తయారుచేసే నిపుణుల కొలతకే ఇలా జరిగినప్పుడు, ఏ కంపైలర్‌తో కట్టారో కూడా రాయని పోలికను ఎంతవరకు నమ్మాలన్నది పాఠకులు ఆలోచించాల్సిన విషయం.

ఒకే కంపైలర్ వాడినా ఆప్టిమైజేషన్ సెట్టింగులు మిగిలే ఉంటాయి. ముందు ఒకసారి నడిపి చూసి, ఆ అనుభవంతో మళ్లీ కంపైల్ చేసే పీజీఓ పద్ధతిని అధికారిక బిల్డ్‌లలో వాడతారు. సోర్స్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకునేటప్పుడు ఆ ఆప్షన్ ఇవ్వకపోతే అదే పైథాన్ నెమ్మదిగా నడుస్తుంది. లైబ్రరీల సంగతీ అంతే. నంపై 2.0 నుంచి మ్యాక్‌ఓఎస్ 14, ఆపై వెర్షన్ల కోసం ఇచ్చే ప్యాకేజీలు మ్యాట్రిక్స్ లెక్కలకు యాపిల్ సొంత యాక్సిలరేట్ లైబ్రరీని వాడతాయి. విండోస్, లినక్స్ ప్యాకేజీలలో ఉండేది ఓపెన్‌బ్లాస్ అనే వేరే లైబ్రరీ. రెండు పెద్ద మ్యాట్రిక్సులను గుణించి "మ్యాక్‌లో పైథాన్ వేగం" అని రాస్తే, కొలిచింది పైథాన్‌నూ కాదు, మ్యాక్‌ఓఎస్‌నూ కాదు.

## గడియారాన్ని ఎంత నమ్మవచ్చు

వేగం కొలవాలంటే గడియారం కావాలి. ఆ గడియారాలు అన్ని సిస్టమ్‌లలో ఒక్కలా ఉండవు. విండోస్‌లో సాధారణ సిస్టమ్ గడియారం డిఫాల్ట్‌గా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి ముందుకు జరుగుతుంది. పైథాన్ 3.12 వరకు విండోస్‌లో 'టైమ్' ఫంక్షన్ ఆ గడియారాన్నే చదివేది. 5 మిల్లీసెకన్ల పనిని దానితో కొలిస్తే ఒకసారి సున్నా, ఇంకోసారి 15.6 వస్తుంది. 3.13లో దీన్ని మైక్రోసెకను స్థాయికి మార్చారు. నిజానికి కొలతల కోసమే 'పెర్ఫ్ కౌంటర్' అనే ఫంక్షన్ పైథాన్ 3.3 నుంచీ ఉంది. అయినా పాత ఫంక్షన్‌తో రాసిన బెంచ్‌మార్కులు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి.

నిద్రపోయే ఫంక్షన్లకూ ఇదే వర్తిస్తుంది. 1 మిల్లీసెకను ఆగమని చెప్పి, దాన్ని 1000 సార్లు తిప్పే లూపు లినక్స్‌లో సెకను కన్నా కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. 15.6 మిల్లీసెకన్ల టైమర్ మీద ఆధారపడిన పాత పైథాన్‌తో విండోస్‌లో అది 15 సెకన్ల దాకా పోతుంది. ప్రాసెసర్ అక్కడ ఖాళీగానే ఉంది. పైథాన్ 3.11 నుంచి విండోస్‌లో కూడా సూక్ష్మమైన టైమర్ వాడుతున్నారు.

లినక్స్ వైపు వేరే రకం చిక్కు ఉంది. మామూలుగా సమయం అడగడానికి కెర్నల్‌లోకి వెళ్లాల్సిన పని లేదు. వీడీఎస్ఓ అనే ఏర్పాటు వల్ల ప్రోగ్రామ్ తన మెమరీలోనే చదువుకుంటుంది, కొన్ని పదుల నానోసెకన్లలో అయిపోతుంది. కొన్ని వర్చువల్ మెషిన్లలో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లలో) ఈ దారి పని చేయదు. అప్పుడు ప్రతిసారీ కెర్నల్‌ను పిలిచే పూర్తి సిస్టమ్ కాల్ జరుగుతుంది. లాగుల్లో ప్రతి లైనుకూ సమయం రాసే ప్రోగ్రామ్‌కు ఈ ఖర్చు గట్టిగానే తగులుతుంది.

మెమరీ కొలతలో యూనిట్ల దగ్గరే తప్పు జరగవచ్చు. ప్రాసెస్ గరిష్ఠంగా ఎంత మెమరీ వాడిందో చెప్పే యూనిక్స్ కాల్ ఒకటుంది. అదే పేరు, అదే ఫీల్డు. లినక్స్‌లో అది కిలోబైట్లలో వస్తుంది, మ్యాక్‌ఓఎస్‌లో బైట్లలో. గమనించకపోతే 1024 రెట్ల తేడాతో తప్పుడు చార్టు తయారవుతుంది.

## నిజంగా సిస్టమ్ వల్లే వచ్చే తేడాలు

పైవన్నీ తీసేసినా మిగిలే తేడాలు ఉన్నాయి. అవి పెద్దవి కూడా. ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఎంత ఎక్కువగా పిలిస్తే అవి అంతగా బయటపడతాయి.

మొదటిది ప్రాసెస్ సృష్టి. లినక్స్‌లో 'ఫోర్క్' అంటే నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీయడం. మెమరీని నిజంగా కాపీ చేయకుండా, ఎవరైనా రాసినప్పుడే ఆ పేజీని కాపీ చేస్తారు కాబట్టి ఇది చవక. విండోస్‌లో కొత్త ప్రాసెస్‌ను మొదటి నుంచి నిర్మించాలి, అది ఖరీదైన పని. చిన్నచిన్న కమాండ్లను వందలకొద్దీ పిలిచే షెల్ స్క్రిప్టులు విండోస్‌లో ఈడ్చుకుంటూ నడవడానికి ప్రధాన కారణం ఇదే.

పైథాన్ మల్టీప్రాసెసింగ్‌లో ఈ తేడాకు డిఫాల్టుల తేడా తోడవుతుంది. విండోస్‌లో ఎప్పుడూ 'స్పాన్' పద్ధతే. మ్యాక్‌లో పైథాన్ 3.8 నుంచి స్పాన్. లినక్స్‌లో 3.13 దాకా ఫోర్క్, 3.14 నుంచి 'ఫోర్క్‌సర్వర్' (ముందే సిద్ధం చేసిన సర్వర్ ప్రాసెస్ నుంచి నకళ్లు తీయడం). స్పాన్‌లో కొత్త ఇంటర్‌ప్రెటర్ మొదలై, మాడ్యూళ్లన్నీ మళ్లీ ఇంపోర్ట్ కావాలి. పండాస్ లాంటి బరువైన లైబ్రరీ ఉంటే ప్రతి వర్కర్‌కూ ఆ ఆలస్యం తప్పదు. ఒకే స్క్రిప్టు లినక్స్‌లో ఫోర్క్‌తో, విండోస్‌లో స్పాన్‌తో నడిచినప్పుడు ఆ రెండు సమయాలను పక్కపక్కన పెట్టడం సరికాదు. లినక్స్‌లో కూడా స్పాన్ ఎంచుకుని ఒకసారి నడిపితే ఎంత భాగం పద్ధతిదో, ఎంత భాగం సిస్టమ్‌దో తేలిపోతుంది.

రెండోది ఫైళ్లు. నోడ్ ప్రాజెక్టులో లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేస్తే వేల చిన్న ఫైళ్లు వస్తాయి. విండోస్‌లో ప్రతి ఫైల్ తెరిచినప్పుడూ ఆ కోరిక, మధ్యలో ఉండి దాన్ని పరిశీలించే ఫిల్టర్ డ్రైవర్ల వరస గుండా వెళుతుంది. యాంటీవైరస్ కూర్చునేది అక్కడే. అందుకే పెద్ద ఫైల్ ఒకటి చదవడంలో పెద్దగా కనిపించని తేడా, వేల చిన్న ఫైళ్ల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ 2023లో విండోస్ 11కు డెవ్ డ్రైవ్ అనే ప్రత్యేక డ్రైవ్‌ను తెచ్చింది ఈ సమస్య కోసమే. అందులో మామూలు ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ బదులు రెఫ్ఎస్ ఉంటుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కానింగ్‌ను ఫైల్ తెరిచే పనికి అడ్డు రాకుండా వెనక జరుపుతుంది.

విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వాడేవారికి ఇక్కడే ఒక హెచ్చరిక. అది వర్చువల్ మెషిన్‌లో నడిచే నిజమైన లినక్స్ కెర్నల్. ప్రాజెక్టు ఫైళ్లు లినక్స్ వైపు ఉంటే బాగానే నడుస్తుంది. విండోస్ సీ డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లను లినక్స్ వైపు నుంచి తెరిస్తే ప్రతి కోరికా ఆ రెండింటి మధ్య సరిహద్దు దాటాలి. అలా కొలిచిన నెమ్మదితనం లినక్స్‌దీ కాదు, విండోస్‌దీ కాదు. మ్యాక్ మీద డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడి వాతావరణాల్లో నడిపే టూల్) కూడా లోపల లినక్స్ వర్చువల్ మెషిన్‌నే నడుపుతుంది కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త అవసరం.

మూడోది, డేటా డిస్కు మీద భద్రంగా పడిందని ఖాయం చేసుకునే 'ఎఫ్‌సింక్'. లినక్స్‌లో ఇది డ్రైవ్ లోపలి క్యాష్‌ను కూడా ఖాళీ చేయమని అడుగుతుంది. మ్యాక్‌ఓఎస్‌లో మామూలు ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్ దాకా పంపి ఊరుకుంటుంది. డ్రైవ్ క్యాష్ నుంచి శాశ్వత నిల్వలోకి చేరాలంటే 'ఫుల్ ఎఫ్‌సింక్' అనే వేరే కోరిక పంపాలి. గో భాష 1.12 వెర్షన్ నుంచి మ్యాక్‌లో ఆ పూర్తి కోరికనే పంపుతోంది. దాంతో మ్యాక్ మీద డేటా రాసే పోటీలో, మామూలు ఎఫ్‌సింక్ పిలిచే ప్రోగ్రామ్ ముందు గో వెనకబడినట్టు కనిపిస్తుంది. కరెంటు పోయినా డేటా మిగలాలన్న హామీని గట్టిగా నిలబెడుతున్నది మాత్రం గో. హామీలు సమానం కానప్పుడు సమయాలు పోల్చి ప్రయోజనం లేదు.

## రన్‌టైమ్ చెప్పకుండా తీసుకునే నిర్ణయాలు

జావా వర్చువల్ మెషిన్ మొదలవగానే చుట్టూ చూసి కొన్ని నిర్ణయాలు తీసుకుంటుంది. జావా 17, 21 లాంటి వెర్షన్లలో కనీసం 2 ప్రాసెసర్లు, సుమారు 2 జీబీ మెమరీ కనిపిస్తే జీ1 గార్బేజ్ కలెక్టర్ (ఇక అవసరం లేని మెమరీని తిరిగి తీసుకునే భాగం). లేకపోతే సీరియల్ కలెక్టర్. గరిష్ఠ హీప్ (ప్రోగ్రామ్ డేటాకు ఇచ్చే మెమరీ) సైజు డిఫాల్ట్‌గా కనిపించే మెమరీలో నాలుగో వంతు.

16 జీబీ ల్యాప్‌టాప్‌లో విండోస్ మీద జావా నడిపితే హీప్ 4 జీబీ దాకా పెరగవచ్చు. అదే ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 డిఫాల్ట్‌గా సగం మెమరీనే తీసుకుంటుంది, అంటే 8 జీబీ. అక్కడ హీప్ పరిమితి 2 జీబీ. ఒక కంప్యూటర్, ఒక జావా, ఒక కమాండ్. గార్బేజ్ కలెక్షన్ మాత్రం వేరుగా జరుగుతుంది. హీప్ సైజు, కలెక్టర్ పేరు కమాండ్‌లోనే స్పష్టంగా రాస్తే ఈ సమస్య పూర్తిగా పోతుంది. అయినా అవి లేకుండా చేసిన పోలికలే ఎక్కువ.

నడుస్తుండగానే కోడ్‌ను కంపైల్ చేసే జిట్ కంపైలర్ ఉన్న భాషల్లో వేడెక్కే దశ ఇంకో తలనొప్పి. కోడ్ మొదట నెమ్మదిగా నడిచి, ఎక్కువసార్లు నడిచే భాగాలు కంపైల్ అయ్యాక వేగం అందుకుంటుందని, ఆ తర్వాత నిలకడగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ప్రతిసారీ అలాగే జరగదని 2017లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం చూపింది. లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీల మీద జావా తరహా ఎన్నో భాషా వర్చువల్ మెషిన్లను పరీక్షిస్తే, నిలకడైన గరిష్ఠ వేగానికి ప్రతిసారీ చేరుకున్న 'మెషిన్, బెంచ్‌మార్క్' జంటలు సగం కూడా లేవు. మొదటి కొన్ని రౌండ్లు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే చాలన్న అలవాటుకు ఇది గట్టి దెబ్బ.

"లినక్స్" అన్న పేరు కూడా ఒక్క వాతావరణాన్ని సూచించదు. ఉబుంటు, ఆల్పైన్ రెండూ లినక్స్ డిస్ట్రిబ్యూషన్లే అయినా ఉబుంటులో ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ, ఆల్పైన్‌లో మజిల్. మజిల్ మెమరీ అలొకేటర్ చిన్నగా, సరళంగా ఉండేలా రాసింది. చాలా థ్రెడ్లు ఒకేసారి మెమరీ అడిగితే అది బాగా నెమ్మదిస్తుంది. డాకర్ ఇమేజ్ చిన్నదిగా ఉంటుందని ఆల్పైన్ ఎంచుకుని, ఆ ఫలితాన్ని లినక్స్ మొత్తానికి అంటగట్టడం తప్పు.

## ఒకే కంప్యూటర్ అన్న షరతు

ఇంటెల్ మ్యాక్‌ల కాలంలో ఒకే యంత్రం మీద మ్యాక్‌ఓఎస్, విండోస్ రెండూ నేరుగా నడిచేవి. 2020 నవంబర్‌లో యాపిల్ సొంత ప్రాసెసర్ ఎం1 వచ్చాక ఆ వీలు పోయింది. కొత్త మ్యాక్‌లలో ప్రాసెసర్ నిర్మాణమే వేరు, పేజీ సైజు 16 కేబీ, వేగమైన కోర్లు, పొదుపు కోర్లు విడిగా ఉంటాయి. పని ఏ కోర్ మీద పడాలో ప్రోగ్రామ్ ఇచ్చే ప్రాధాన్యాన్ని బట్టి సిస్టమ్ నిర్ణయిస్తుంది. ఇప్పుడు "మ్యాక్ వర్సెస్ విండోస్" పోలికల్లో చాలావరకు ప్రాసెసర్ల పోలికలే.

విండోస్, లినక్స్ మధ్య డ్యూయల్ బూట్‌తో (రెండింటినీ ఒకే కంప్యూటర్‌లో పెట్టి, ఒక్కోసారి ఒకటి నడపడం) పోల్చడం ఇప్పటికీ సాధ్యం. అక్కడా అప్‌డేట్లను మరవకూడదు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 విడుదలైనప్పుడు ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ఎల్3 క్యాష్ ఆలస్యం పెరిగే లోపం బయటపడి, అదే నెలలో అప్‌డేట్లతో సరిచేశారు. 2024లో బ్రాంచ్ ప్రిడిక్షన్‌కు (కోడ్ ఎటు వెళుతుందో ప్రాసెసర్ ముందే ఊహించడం) సంబంధించిన మార్పు ఒకటి విండోస్ 11కు వచ్చి, కొత్త రైజెన్‌ల అంకెలను మార్చింది. 2018లో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాక ప్రతి సిస్టమ్ తన పద్ధతిలో రక్షణలు చేర్చింది. సిస్టమ్ కాల్ ఖర్చు అప్పటి నుంచి పెరిగింది. కాబట్టి వెర్షన్ నంబరు, అప్‌డేట్ తేదీ లేని ఫలితానికి ఆయుష్షు తక్కువ.

ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉందా, విండోస్ పవర్ ప్లాన్ ఏమిటి, లినక్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే సీపీయూ గవర్నర్ ఏది అన్నవి కూడా ఫలితాన్ని తేలిగ్గా మార్చేస్తాయి. ఇంకా సూక్ష్మమైనది 2009లో ఒక పరిశోధన చూపింది: సిస్టమ్ ప్రోగ్రామ్‌కు అందించే సెట్టింగులైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొత్తం సైజు మారితే మెమరీలో స్టాక్ అనే భాగం మొదలయ్యే చోటు మారి, దాంతో ప్రోగ్రామ్ వేగం మారుతుంది. ఫైళ్లను లింక్ చేసిన వరస మారినా అంతే. 2, 3 శాతం తేడా చూపించి గెలుపు ప్రకటించే చార్టులను ఈ వెలుగులో చూడాలి.

## న్యాయమైన పోలికకు ఏం కావాలి

ముందు ప్రశ్న తేల్చుకోవాలి. "ఈ టూల్‌ను డౌన్‌లోడ్ చేసుకున్న మామూలు విండోస్ యూజర్‌కు ఎంత వేగం అందుతుంది?" అన్నదే ప్రశ్న అయితే డిఫెండర్‌ను ఆపేయడం మోసమవుతుంది. అధికారిక బిల్డ్, డిఫాల్ట్ సెట్టింగులు, యాంటీవైరస్ అన్నీ ఉంచే కొలవాలి. "విండోస్ కెర్నల్ వల్ల ఎంత ఆలస్యం?" అన్నది ప్రశ్న అయితే దానికి పూర్తిగా ఎదురు దారి: రెండు వైపులా క్లాంగ్‌తో కట్టిన రన్‌టైమ్, ఒకే అలొకేటర్, ఒకే హీప్ సైజు, స్కానింగ్ నుంచి మినహాయింపు, డ్యూయల్ బూట్. ఒక్కోసారి ఒక్క అంశాన్నే మార్చి చూడాలి. లినక్స్‌లోనే జీసీసీ, క్లాంగ్ రెండింటితో కొలిస్తే కంపైలర్ వాటా ఎంతో ముందే తెలుస్తుంది. విండోస్‌తో తేడా అంతకన్నా చిన్నదైతే ఆ తేడా గురించి చెప్పడానికి ఏమీ ఉండదు.

పనులను కూడా విడగొట్టాలి. లెక్కలు, మెమరీ కేటాయింపు, చిన్న ఫైళ్లు, ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ వేరువేరుగా కొలిచి వేరువేరుగానే చూపాలి. అన్నింటినీ ఒకే సగటుగా మారిస్తే, నాలుగింటిలో సమానంగా ఉండి ఒక్క ఫైళ్ల పనిలో వెనకబడిన సిస్టమ్ మొత్తంగా కొంచెం నెమ్మదిగా కనిపిస్తుంది. ఆ వివరణ ఎవరికీ ఉపయోగపడదు. ఒకే ప్రాసెస్‌లో వందసార్లు తిప్పడం కన్నా అనేక కొత్త ప్రాసెస్‌లలో, మధ్యలో రీబూట్ చేస్తూ కొలవడం మేలు. పైథాన్‌కు పైపెర్ఫ్, జావాకు జేఎంహెచ్, కమాండ్లకు హైపర్‌ఫైన్ లాంటి టూల్స్ ఈ పనిలో చాలా భాగాన్ని చూసుకుంటాయి.

## ప్రభావం ఎవరి మీద

తప్పుడు పోలికల వల్ల ఎక్కువగా నష్టపోయేది ల్యాప్‌టాప్ మీద కొలిచి సర్వర్ గురించి నిర్ణయించేవారు. రాసేది విండోస్‌లోనో మ్యాక్‌లోనో, నడిచేది క్లౌడ్‌లోని లినక్స్‌లో. భాష మార్చాలా, సర్వర్ల సంఖ్య పెంచాలా అన్న ఖరీదైన నిర్ణయాలకు ఆ లినక్స్ కంటైనర్‌లో, అవే సీపీయూ, మెమరీ పరిమితులతో తీసిన కొలతలే ఆధారం కావాలి.

కోడింగ్ పోటీల్లో పాల్గొనే విద్యార్థులకు ఇదే సమస్య తిరగబడి ఎదురవుతుంది. కోడ్‌ఫోర్సెస్ అనే పోటీల సైట్‌లో ప్రోగ్రామ్‌లను పరీక్షించే జడ్జి మెషిన్లు విండోస్ మీద నడుస్తాయి. చాలా ఇతర సైట్లు లినక్స్ వాడతాయి. లినక్స్‌లో సరిగా నడిచిన సీ++ ప్రోగ్రామ్‌లో 'లాంగ్' ఉంటే కోడ్‌ఫోర్సెస్‌లో 32 బిట్లకు తగ్గి తప్పు సమాధానం రావచ్చు. ప్రతి లైనుకూ లైను ముగించే 'ఎండ్ఎల్' వాడి లక్షల లైన్లు ప్రింట్ చేస్తే ప్రతిసారీ బఫర్ ఖాళీ అయి, ఆ ఖర్చు సిస్టమ్‌ను బట్టి మారుతుంది. టైమ్ లిమిట్ దాటిందని మెసేజ్ వచ్చినప్పుడు అల్గారిథమ్ మార్చే ముందు, కోడ్‌ఫోర్సెస్‌లోనే ఉన్న కస్టమ్ ఇన్వొకేషన్ పేజీలో నడిపి చూస్తే, ఆ మెషిన్ల మీద ప్రోగ్రామ్ ఎంతసేపు తీసుకుంటుందో నేరుగా తెలుస్తుంది.